సగ్డెన్ వారి ఉప్పురాయి

విల్ఫ్రెడ్ సగ్డెన్ చేతులు చూసినవాళ్లు ఆయన వృత్తి ఏమిటని అడగక్కర్లేదు. వేళ్ల కణుపుల దగ్గర చర్మం తెల్లబడి, పగిలి ఉండేది. చలికాలం ఆదివారాల్లో చాపెల్‌లో పాటల పుస్తకం తిప్పుతుంటే కాగితం అంచుకు రక్తం అంటేది. చిన్నతనం నుంచీ పంది మాంసానికి ఉప్పు రుద్దిన చేతులవి.

బెక్‌షా ఊళ్లో బేకన్ అంటే సగ్డెన్ వాళ్ల బేకనే. పంది పక్కలను ఉప్పూ సురేకారమూ పట్టించి, దుకాణం కింద నేలమాళిగలో ఒక పెద్ద రాతి పలక మీద పరిచి, తిరగేస్తూ బోర్లేస్తూ ఊరనిచ్చేవారు. ఆ పలకను ఊరంతా ఉప్పురాయి అనేది. లోయ దిగువన కూలిపోయిన పాత క్రైస్తవ మఠం నుంచి వచ్చిందనీ, సన్యాసులు దాని మీదే మాంసం ఊరబెట్టుకునేవారనీ ప్రతీతి. దుకాణం పొట్లాల కాగితం మీద బొద్దుగా నవ్వుతున్న సన్యాసి బొమ్మా, దాని కింద ‘పాతరాతి మీద ఊరిన బేకన్’ అన్న మాటా అచ్చేసి ఉండేవి.

దుకాణంలో ఒక కట్టడి ఉండేది. రాయిని కడగవచ్చు, రుద్దవచ్చు, కదపకూడదు. కదిపితే రుచి పోతుంది. ఈ మాట తాత జోనస్ విల్ఫ్రెడ్ తండ్రికి చెప్పాడు, తండ్రి విల్ఫ్రెడ్‌కు చెప్పాడు, విల్ఫ్రెడ్ పనిలోకి వచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. రుచికీ రాయి కదలడానికీ ఏమిటి సంబంధమని ఎవరూ అడగలేదు. వృత్తి రహస్యమంటే అలాగే ఉంటుందనుకున్నారు. విల్ఫ్రెడ్ ఆ రహస్యాన్ని భక్తిగా కాపాడాడు. ఒకసారి నేలమాళిగలోకి నీళ్లొస్తే, సామానంతా ఎత్తించి రాయిని మాత్రం ముట్టుకోనివ్వలేదు.

ఆయనకు పిల్లలు లేరు. భార్య ఎడ్నా దుకాణం వెనక గదిలో సాసేజీలు చుట్టేది. ఆయన చాపెల్‌లో గంభీరమైన గొంతుతో పాడేవాడు. చాపెల్ సమాధుల స్థలం చూసుకునే పని కూడా ఆయనదే. గడ్డి కోయించడం, ఒరిగిన రాళ్లు నిలబెట్టించడం, వాడిన పూలు ఏరి పారేయడం. మర్యాదస్తుడని పేరు. ఆ పేరంటే ఆయనకు చాలా ఇష్టం.

ఆ మర్యాదకు సంబంధించిన సంగతి ఒకటుంది. ఆయన సమాధుల పని కొత్తగా చేపట్టిన రోజుల్లో సెలీనా ఫెదర్ అనే ముసలావిడ ఆయన దగ్గరికి వచ్చింది. ఆమె మిల్లులో నేతపని చేసి బతికింది. తన తల్లి కెజియా జోనస్ సగ్డెన్‌కు మొదటి భార్య అనీ, తనను చిన్నప్పుడే కొండ అవతల అమ్మమ్మ ఇంటికి పంపేశారనీ, ఆ తర్వాత జోనస్ మాంసం దుకాణం ఆసామి కూతుర్ని చేసుకుని ఆ దుకాణానికే యజమాని అయ్యాడనీ ఆమె చెప్పేది. ఆ లెక్కన ఆమె విల్ఫ్రెడ్‌కు మేనత్త. సగ్డెన్ వాళ్లు ఈ మాట ఎప్పుడూ ఒప్పుకోలేదు. జోనస్‌కు కుర్రతనంలో ఎవరితోనో ఏదో ఉండి ఉండవచ్చు గాని పెళ్లి మాత్రం ఒక్కటే అనేవారు. ఇంట్లో విన్నది విల్ఫ్రెడ్ నమ్మాడు.

సెలీనా అడిగింది ఒకటే. తల్లి సమాధి మీద రాయి ఉండేది. పెంతెకొస్తు పండుగకు అమ్మమ్మ తనను తీసుకొచ్చి ఆ రాయి దగ్గర కూర్చోబెట్టేది. తాను అక్షరాలు నేర్చుకున్నది దాని మీద వేలు పెట్టి దిద్దే. పెళ్లయి ఈ ఊరు తిరిగొచ్చేసరికి రాయి లేదు. గోడవారన వరసలో ఖాళీ ఒకటుంది, అదే చోటు. ఆ రాయి ఏమైంది?

విల్ఫ్రెడ్ ఆమెతో కటువుగా మాట్లాడలేదు. టోపీ తీసి చేత్తో పట్టుకుని మెల్లగా చెప్పాడు.

“అమ్మా, రాయి ఉంటే కనిపించేదే కదా. అందరికీ రాళ్లుండవు. మీ అమ్మగారి సంగతి మీకు తెలియంది కాదు.”

సెలీనా ఆయన ముఖంలోకి చూసి వెళ్లిపోయింది. సంగతి సున్నితంగా తేల్చానని ఆయన ఇంటికెళ్లి ఎడ్నాతో చెప్పుకున్నాడు. సెలీనా మాత్రం బతికినన్నాళ్లు ప్రతి పెంతెకొస్తుకూ పూలు తెచ్చి ఆ ఖాళీలో పెట్టి పోయేది. పండుగ వెళ్లాక విల్ఫ్రెడ్ మిగతా సమాధుల మీది వాడిన పూలు కూడా ఏరి, ఎలాగూ అక్కడ పూలు పడి ఉన్నాయి కదా అని అక్కడే వేశాడు. మరుసటేడూ అంతే. అలా ఆ ఖాళీ చాపెల్ చెత్తకుప్ప అయింది. సెలీనా పోయాక కూడా కుప్ప అక్కడే పెరిగింది.

మోకాళ్లు నొప్పెట్టి విల్ఫ్రెడ్ దుకాణం మూసెయ్యాలనుకున్న ఏడు, పాత బడి భవనంలో మ్యూజియం పెడుతున్నవాళ్లు ఉప్పురాయి ఇమ్మని అడిగారు. ఆయన పొంగిపోయాడు. ఇక ఊరబెట్టేది లేదు కాబట్టి రుచి పోతుందన్న భయమూ లేదు. దుకాణంలో వేలాడుతున్న సరుకు అమ్ముడయ్యే లోపల, బుధవారం మ్యూజియం బండి వచ్చేటట్టు ఏర్పాటయింది. ముందు వారం గురువారం రాతిపని చేసే లూథర్ గడ్డపారలు పట్టుకొచ్చాడు.

రాయి కింది అంచు మట్టిలోంచి ఊడి పైకి లేచింది. లూథర్ లాంతరు దగ్గరపెట్టి, అరచేత్తో మట్టి తుడిచాడు. ఉప్పు తిని తిని పైభాగం గిన్నెలా గుంటపడింది గాని, కింది ముఖం నిన్న చెక్కినట్టుంది.

జోనస్ సగ్డెన్ ప్రియ భార్య కెజియా జ్ఞాపకార్థం. 1867 మార్చి నెలలో ఇరవై ఆరవ ఏట కన్నుమూసెను.

కింద సగం రాయి ఖాళీ. భర్త పేరు కోసం వదిలిన చోటు. ఆ భర్త చాపెల్ ద్వారం పక్కన ఎర్ర గ్రానైటు రాతి కింద రెండో భార్యతో పడుకుని ఉన్నాడు.

ఎలా జరిగి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. విల్ఫ్రెడ్ పుట్టకముందు చాపెల్ వెడల్పు చేసినప్పుడు గోడవారన కొన్ని రాళ్లు పీకారు. ఎవరి రాయి వాళ్లనే తిరిగి పెట్టుకోమన్నారు. జోనస్ తన రాయిని ఇంటికి తోలించుకున్నాడు. నేలమాళిగలో పలక కావలసి వచ్చింది. అతను దుర్మార్గుడో, ఉత్త పొదుపరో రాయి చూసి చెప్పలేం. కాని బోర్లా వేసి, కదపవద్దని కొడుక్కి చెప్పిన మనిషికి తాను చేసిందేమిటో తెలుసు.

లూథర్ గొంతు తగ్గించాడు. “సగ్డెన్ గారూ, నేనేం చూడలేదనుకోండి. ఉలి పెట్టానంటే మధ్యాహ్నానికల్లా నున్నగా అయిపోతుంది. మ్యూజియం వాళ్లు పైవైపే చూస్తారు. నేను బయట అనను. అంటే మాత్రం నాకేం గొప్ప, నేనూ తిన్నవాణ్ణే కదా.”

విల్ఫ్రెడ్ అవుననలేదు, కాదనలేదు. ఇవాళ్టికి అలా ఉండనిమ్మని చెప్పి, గోనెపట్టా కప్పాడు.

ఎడ్నా దిగి వెళ్లి, పట్టా తీసి చదివి పైకొచ్చింది. చాలాసేపు చేతులు కడుక్కుంది. కడుక్కుంటూనే మాట్లాడింది.

“మన పెళ్లి విందులో పెట్టిందీ దీని మీద ఊరిందే.”

ఆయన నేలమాళిగ తలుపుకు గడియ వేశాడు.

“రేపు శుక్రవారం. క్లారా వస్తుంది,” అందామె.

క్లారా ఫెదర్ సెలీనా కూతురు. పెళ్లి చేసుకోలేదు. తల్లిలాగే మగ్గాల మీద బతికింది. ఆ మోతకు చెవులు పోయాయి. మిల్లు ఆడవాళ్లందరిలాగే ఆమె కూడా పెదవులు చూసి మాటలు చదివేది, తాను మాట్లాడితే మాత్రం వీధి చివరిదాకా వినిపించేది. జీవితమంతా శుక్రవారం శుక్రవారం సగ్డెన్ దుకాణానికి వచ్చింది. ఊళ్లో మంచి బేకన్ ఇంకెక్కడా దొరకదు మరి.

మర్నాడు దుకాణంలో జనం బాగానే ఉన్నారు. తన వంతు రాగానే క్లారా బల్ల మీద సంచీ పెట్టింది.

“అర పౌను. పల్చగా కోయి. నా పళ్లు ఇంకా నావే, వాటిని నీ బేకన్‌కి బలిపెట్టను.”

విల్ఫ్రెడ్ కోశాడు. అర పౌను దాటినా ఆయన చెయ్యి ఆగలేదు. అంతా కాగితంలో పెట్టి ఆమె ముందుకు తోశాడు. క్లారా తూకం వంక చూసింది, ఆయన వంక చూసింది.

“ఏమిటిది? డాక్టరేమైనా చెప్పాడా నీకు? సగ్డెన్ చేతిలోంచి ఊరికే ఏదైనా వచ్చిందంటే అది పోయే కాలమే.”

వరసలో ఉన్నవాళ్లు నవ్వారు. దుకాణం మూసేస్తున్నాం కదా, పాత ఖాతాదారు కదా అని ఆయన ఏదో గొణిగాడు.

“గొణక్కు. నేనడిగింది అర పౌను.”

ఆమె అదనపు ముక్కలు ఒక్కొక్కటే వేలితో బల్ల మీదికి నెట్టేసి, మిగిలింది మడిచి ఇమ్మంది. ఆయన మడిచాడు. పొట్లం మీద సన్యాసి నవ్వుతున్నాడు. ఈ మాంసం ఏ రాతి మీద ఊరిందో, ఎవరి చేతిలో పెడుతున్నాడో ఆ క్షణంలో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అయినా పెట్టాడు.

వెనక గదికీ దుకాణానికీ మధ్య అద్దం తలుపు ఉంది. ఆయన లోపలికి వెళ్లగానే ఎడ్నా చెప్పారా అని అడిగింది.

“ఏమని చెప్పను? మా నేలమాళిగలో మీ అమ్మమ్మ సమాధి రాయి ఉందని, దాని మీద ఊరిన బేకన్ చుట్టిస్తూ చెప్పనా?”

బయట క్లారా అరుగు మీద ఆగి, తలగుడ్డ కట్టుకుంటూ, కిటికీలోంచి లోపలికి చూస్తోంది. కాసేపు అలాగే నిలబడి, వెళ్లిపోయింది.

ఆదివారం విల్ఫ్రెడ్ చాపెల్‌కి వెళ్లాడు. అందరూ లేచి పాడుతుంటే ఆయనా లేచాడు, గొంతు రాలేదు. జలుబేమో అనుకున్నారు. ప్రార్థన అయ్యాక సమాధుల వైపు నడిచాడు. గోడవారన కుప్ప నడుమెత్తు పెరిగి ఉంది. కుళ్లిన పూలకాడలు, తుప్పుపట్టిన తీగలు, పాత దండల చట్రాలు. దానికి మొదటి పూలు ఎవరు తెచ్చారో ఆయనకు తెలుసు. ఆ పూల మీద మొదటి చెత్త ఎవరు వేశారో కూడా తెలుసు. ఎదురైన ఒకాయన దుకాణం మూయడం గురించి మంచిమాట చెప్పి చెయ్యి కలపబోతే, విల్ఫ్రెడ్ చెయ్యి జేబులోంచి తీయలేదు.

సోమవారం లూథర్ వచ్చి ఉలి తెమ్మంటారా అని అడిగాడు. వద్దన్నాడు. ఆ ఒక్కమాట అనడానికి నాలుగు రోజులు పట్టింది. మంగళవారం పొద్దున్నే కోటు వేసుకుని క్లారా ఇంటికి వెళ్లాడు.

ఆమె తలుపు తీసింది గాని కూర్చోమనలేదు. వంటింట్లో పొయ్యి ముందు నిలబెట్టింది. ఆయన టోపీ తీసి, నేల వంక చూస్తూ మొదలుపెట్టాడు.

“తలెత్తు. నేలకి చెప్తే నాకెలా తెలుస్తుంది?”

ఆయన తలెత్తాడు. ఆమె కళ్లు ఆయన పెదవుల మీద ఉన్నాయి. ఎప్పుడు ముఖం పక్కకి తిరిగినా ఆమె చెయ్యెత్తేది, ఆయన మళ్లీ ముఖం చూపించి మళ్లీ చెప్పాల్సి వచ్చేది. రాయి సంగతి చెప్పాడు. దాని మీదున్న మాటలు చెప్పాడు. భార్య అని ఉందని రెండుసార్లు చెప్పాడు. అయిపోయాక ఆమె పొయ్యిలో బొగ్గు సర్దింది.

“నాకు శుక్రవారమే తెలుసు. మీ ఆవిడతో అన్నావు, అద్దంలోంచి చదివాను. నువ్వు వస్తావో రావో చూద్దామని కూర్చున్నా.”

ఆమె బొగ్గు గరిటె పక్కన పెట్టింది.

“ఆ పొట్లం కుక్కకి కూడా వెయ్యలేదు. పాతిపెట్టాను,” అంది క్లారా. తర్వాత మామూలు విషయం అడిగినట్టు అడిగింది. “మా అమ్మకి నువ్వేం చెప్పావో గుర్తుందా?”

“గుర్తుంది.”

“చెప్పు. ముఖం ఇటు పెట్టి చెప్పు.”

“అందరికీ రాళ్లుండవు అన్నాను.”

“ఇంకా?”

“మీ అమ్మగారి సంగతి మీకు తెలియంది కాదు అన్నాను.”

“అమ్మ ఇంటికొచ్చి ఆ కుర్చీలో కూర్చుంది. వాడు చాలా మర్యాదగా చెప్పాడే అంది. తిట్టుంటే ఇంత బాధుండేది కాదు అంది.”

ఇద్దరూ కలిసి దుకాణానికి నడిచారు. క్లారా నేలమాళిగలోకి దిగడం అదే మొదటిసారి. వంగలేక రాయి పక్కన బోర్లించిన తొట్టి మీద కూర్చుని, చేతి తొడుగు తీసి, అక్షరాల మీద వేలు పెట్టి నడిపింది. కెజియా పేరు మొదట్లో ఉన్న ఇంగ్లిషు K అక్షరానికి కింది కాలు బాగా పొడుగ్గా, తోకలా సాగి ఉంది. క్లారా వేలు అక్కడ ఆగింది. తన తల్లి ఎప్పుడూ ఆ అక్షరం అలాగే రాసేదని, ఆ కాలు పక్క మాట మీద పడుతోందని తాను వేళాకోళం చేసేదాన్నని చెప్పింది. విల్ఫ్రెడ్‌తో కాదు, రాయితో అన్నట్టు చెప్పింది.

ఆయన ఆదివారం చాపెల్‌లో అందరి ముందూ లేచి ఒప్పుకుంటానన్నాడు.

“వద్దు. అది ఒక్కసారితో అయిపోతుంది. నువ్వు చెప్తావు, వాళ్లు ఆమెన్ అంటారు, భోజనాలకి పోతారు. నీ పేరు ఇంకా పెరుగుతుంది.” ఆమె తొడుగు వేసుకుంది. “రాయి దాని చోట పెట్టు. దాని మీదున్న కుప్ప నువ్వే ఎత్తు, మనిషిని పెట్టొద్దు. పట్టపగలు, సంత రోజు ఎత్తు. అడిగినవాళ్లందరికీ చెప్పు.”

బుధవారం వచ్చిన మ్యూజియం బండి ఖాళీగా తిరిగిపోయింది. రెండువైపులా కనిపించేలా రాయిని గదిలో నిలబెడతామని వాళ్లు క్లారాను బతిమాలారు. మా అమ్మమ్మ రాయి జనం చూడ్డానికి కాదు, ఆవిడ దగ్గర ఉండటానికి అందామె.

శనివారం విల్ఫ్రెడ్ పార పట్టుకుని కుప్ప దగ్గర నిలబడ్డాడు. చాపెల్ గోడ పక్కనుంచే సంతకు దారి. క్లారా కాస్త దూరంగా గోడకు ఆనుకుని, చేతికర్రతో, ఫ్లాస్కులో టీతో కూర్చుంది. మొదట ఆగినవాడు దర్జీ. “ఏం విల్ఫ్రెడ్, మాంసం మానేసి తోటమాలివయ్యావా?” అన్నాడు. విల్ఫ్రెడ్ చెప్పడం మొదలుపెట్టాడు. మా తాత కాలంలో చాపెల్ కట్టినప్పుడు, మాకెవరికీ తెలియకుండా, పొరపాటున... గోడ మీద కర్ర టకటకమంది. క్లారా అంత దూరం నుంచీ ఆయన పెదవులే చూస్తోంది. ఆయన ఆగి, పొరపాటు అన్న మాట తీసేసి మళ్లీ చెప్పాడు.

ఒకడు పకపకా నవ్వి, నవ్వు మధ్యలో ఆపుకున్నాడు. ఒకావిడ బుట్టలో ఉన్న పొట్లం తీసి గోడ మీద పెట్టి వెళ్లింది. పాస్టరు గారి భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇంకొకాయన, మా నాన్న చనిపోయే ముందు అడిగి తిన్నది మీ బేకనే కదా అని మాత్రం అని, మొహం చూడకుండా నడిచిపోయాడు. ఊళ్లో తినని ఇల్లు లేదు. సిగ్గుపడాల్సింది సగ్డెన్ ఒక్కడే కాదని, సెలీనా పూలు పట్టుకుని గోడవారన నిలబడటం తామూ చూశామని కొందరికి అప్పుడు గుర్తొచ్చింది. వాళ్లు ఏమీ అడక్కుండా తొందరగా దాటిపోయారు.

సాయంత్రానికి విల్ఫ్రెడ్ మాట చిన్నదయింది. తప్పు తాత మీదికి నెట్టడం లేదు, తెలియదనడం లేదు.

“ఇది కెజియా సగ్డెన్ చోటు. మా తాత మొదటి భార్య. ఆమె రాయి మీద మేం బేకన్ ఊరబెట్టాం. సెలీనా నిజమే చెప్పింది, నేను కాదన్నాను.”

కర్ర మళ్లీ మోగలేదు.

లూథర్ రాయి నిలబెట్టాడు. భర్త కోసం వదిలిన సగంలో సెలీనా పేరు చెక్కాడు, కెజియా కూతురు అని. గుంటపడిన వెనకభాగం గోడవైపు ఉంది.

అంతటితో అయిపోయి ఉండేదే. కాని తరాల ఉప్పు తాగిన రాయి అది. వాన పడి ఎండ వచ్చిన ప్రతిసారీ ఒళ్లంతా తెల్లగా పూసేది. ఆ వాసన పట్టి కొండ మీది గొర్రెలు విరిగిన గోడ దూకి వచ్చి దాన్ని నాకడం మొదలుపెట్టాయి. మిగతా ఏ సమాధి జోలికీ పోవు. అక్షరాలు అరిగిపోతాయని విల్ఫ్రెడ్‌కు భయం పట్టుకుంది. తడి రోజుల్లో కర్ర పట్టుకుని, ఆ మోకాళ్లతో చాపెల్ దాకా ఎక్కి వచ్చి, గొర్రెలను అదిలిస్తూ, బ్రష్షుతో ఉప్పు తుడుస్తూ కనిపించేవాడు. క్లారా ఒకసారి చూసి, “పోనీలే, వాటికైనా నీ సరుకు నచ్చింది,” అంది. అంతకు మించి ఆమె ఆయనతో దయగా మాట్లాడినట్టు ఎవరూ వినలేదు.

కొండల్లో నడకకు వచ్చే పొరుగూరివాళ్లకు అదొక వింత. గోడ దగ్గర ఆగి, ఈ రాయినే ఎందుకు నాకుతున్నాయండీ అని ఆ ముసలాయన్ని అడిగేవారు. విల్ఫ్రెడ్ బ్రష్షు కింద పెట్టి, టోపీ తీసి, వాళ్ల ముఖంలోకి చూసి, మొదటినుంచీ చెప్పేవాడు.